క్లోమములో దాగు కాన్సరు: ఎవరిలో వెదకవలెను?

జీర్ణకోశమునకు వెనుకను, వెన్నెముకకు ముందును, అడ్డముగా పరుండినట్లు ఒక గ్రంథి కలదు. దాని పొడవు జానెడుకన్న తక్కువ. బరువు వంద గ్రాములకు అటునిటు. మన పాఠ్యపుస్తకములు దీనిని క్లోమమని పిలుచుచున్నవి. ఆయుర్వేద గ్రంథములలో క్లోమమను మాట ఉన్నదిగాని, అది ఏ అవయవమును ఉద్దేశించి చెప్పినదో అను విషయమున పండితులలో ఏకాభిప్రాయము లేదు. పాశ్చాత్యుల స్థితియు ఇంతకన్న మెరుగు కాదు. గ్రీకు వైద్యులు దీనికి "అంతయు మాంసమే" అను అర్థము వచ్చు పేరు పెట్టి ఊరకుండిరి. 1642లో పాడువా నగరమున విర్సుంగు అను శరీరశాస్త్రజ్ఞుడు శవపరీక్షలో ఈ గ్రంథి నడుమగా పోవు నాళమును కనుగొనెను. ఆ నాళము రక్తమును తెచ్చునదో, మరేదేని రసమును కొనిపోవునదో ఆయనకే తెలియలేదు. దాని చిత్రమును రాగిరేకుమీద చెక్కించి, అర్థము చెప్పుడని నాటి ప్రముఖ పండితులకు పంపెను. మరుసటి సంవత్సరమే ఆయన హత్యకు గురియయ్యెను.

ఇట్లు చాటున ఉండుటయే క్లోమమునకు వచ్చు కాన్సరు విషయములో పెద్ద చిక్కు. చర్మముమీద గడ్డ లేచినచో కంటికి కనబడును. స్తనములో లేచినచో చేతికి తగులును. క్లోమములో లేచిన గడ్డ కంటికి కనబడదు, చేతికి తగులదు. గ్రంథి యొక్క తలభాగములో పుట్టినచో, ప్రక్కనే పోవు పైత్యనాళమును నొక్కుటచే కామెర్లు పుట్టి ఆ విధముగానైన బయటపడును. నొప్పి లేని కామెర్లతోపాటు పైత్యకోశము ఉబ్బి చేతికి తగులుచున్నచో అది రాళ్లవలన కలిగినది కాకపోవచ్చునని 1890లో బాసెలు నగర శస్త్రవైద్యుడు కూర్వాసియే చెప్పిన సూత్రమును వైద్యవిద్యార్థులు నేటికిని వల్లించుచున్నారు. కాని గడ్డ తోకభాగములో పుట్టినచో ఆ కామెర్లు కూడ రావు. నడుములోనికి పాకు నొప్పియు, బరువు తగ్గుటయు కనబడునప్పటికి వ్యాధి కాలేయమును చేరియుండును.

శస్త్రచికిత్స లేకపోలేదు. 1909లో బెర్లినులో కౌష్ అను వైద్యుడు క్లోమపు తలను ఆంత్రమూలములోని కొంతభాగముతో సహా తొలగించెను. 1935లో న్యూయార్కు వైద్యుడు విపుల్ ఆ పద్ధతిని స్థిరపరచెను. నేటికిని ఆ చికిత్స ఆయన పేరుతోనే పిలువబడుచున్నది. అయితే గడ్డ ఇంకను గ్రంథిని దాటని రోగికే ఇది ఉపకరించును. వ్యాధి తెలిసిన నాటికి అట్టి స్థితిలో ఉన్నవారు నూటికి ఇరువదిమందికి మించరు. 2022 సంవత్సరపు లెక్కలప్రకారము ప్రపంచములో సుమారు 5 లక్షల 10 వేలమందికి ఈ వ్యాధి క్రొత్తగా కనుగొనబడగా, అదే సంవత్సరము దీనివలన మరణించినవారు సుమారు 4 లక్షల 67 వేలు. ఈ రెండు సంఖ్యలు ఇంత దగ్గరగా ఉండు కాన్సర్లు తక్కువ.

కావున ముందుగా కనుగొనుటయే మార్గమని అందరికి తోచెను. రక్తములో ఏదేని ఆనవాలు దొరకినచో, దేశములోని పెద్దవారినందరిని పరీక్షించి రోగులను ఏరివేయవచ్చునుగదా! 1979లో ఫిలడెల్ఫియాలో కొప్రోవ్‌స్కీయు ఆయన సహచరులును పెద్దప్రేగు కాన్సరు కణములను ఎలుకలకు ఎక్కించి, వాటినుండి ఒక ప్రతిరక్షకమును సంపాదించిరి. అది పట్టుకొను పదార్థము క్లోమ కాన్సరు రోగుల రక్తములో ఎక్కువగా ఉండునని కొలదికాలములోనే తేలెను. దానికి సి.ఏ. 19-9 అని పేరు. ఆసుపత్రులలో నేడు ఈ పరీక్ష విరివిగా జరుగుచున్నది. చికిత్స పొందుచున్న రోగి స్థితిని గమనించుటకు అది మిక్కిలి ఉపయోగకరము. రోగమే లేదనుకొను వారిలో రోగమును వెదకుటకు మాత్రము పనికిరాలేదు. పైత్యనాళమునకు ఏ కారణముచేత అడ్డు వచ్చినను అది పెరుగును. మరియు నూటికి అయిదునుండి పదిమంది వరకు, తమ రక్తవర్గ లక్షణమువలన, ఆ పదార్థమును అసలు తయారుచేయనే లేరు. అట్టివారికి కాన్సరు ముదిరినను పరీక్షలో ఏమియు తెలియదు.

ఇంతకన్న మంచి పరీక్ష దొరకినదనియే అనుకొందము. గణితము ఒప్పుకొనునా? తరగతిలో నల్లబల్లమీద వేయదగిన లెక్క ఇది. లక్షమంది పెద్దవారిలో పదిమందికి ఈ కాన్సరు ఉన్నదనుకొందము. మన పరీక్ష రోగులలో పదింట తొమ్మిదిమందిని పట్టును. ఆరోగ్యవంతులలో నూటికి తొంబదితొమ్మిదిమందిని సరిగా వదలివేయును. ఇంతకన్న ఏమి కావలెను అనిపించును. కాని ఆరోగ్యవంతులు 99,990 మంది. వారిలో నూటికొకరు చొప్పున సుమారు వేయిమందికి పరీక్ష అబద్ధము చెప్పును. నిజముగా రోగమున్నవారు తొమ్మిదిమంది దొరకుదురు. ఆ తొమ్మిదిమందికొరకు వేయిమంది ఆరోగ్యవంతులు భయముతో నగరములకు పరుగెత్తవలెను; కొందరు కడుపు కోయించుకొనవలెను కూడ. అదే పరీక్షను, వేయిమందిలో ఇరువదిమందికి రోగమున్న చిన్న గుంపులో చేసినచో, పదునెనిమిదిమంది రోగులు దొరకుదురు. పొరపాటున చిక్కువారు పదిమంది మాత్రమే. పరీక్ష మారలేదు, గుంపు మారినది. లక్షణములు లేని సామాన్య ప్రజలకు ఈ కాన్సరుకై పరీక్షలు చేయవద్దని అమెరికా ప్రభుత్వ నిపుణుల సంఘము 2019లో మరల చెప్పుటకు కారణము ఇట్టి లెక్కయే.

అందుచేత గత ముప్పది నలువది సంవత్సరముల చరిత్రలో ప్రశ్న క్రమముగా మారెను. ఎట్లు చూడవలెనను ప్రశ్నకు ముందుగా, ఎవరిలో చూడవలెనను ప్రశ్న వచ్చి నిలచెను.

దానికి మొదటి జవాబు కొన్ని కుటుంబములనుండి వచ్చెను. 1952లో అమెరికాలోని మేయో వైద్యశాలకు చెందిన కంఫర్టు, స్టెయిన్‌బర్గు అనువారు ఒకే కుటుంబములో తరతరములుగా క్లోమపు వాపు వచ్చుట వర్ణించిరి. 1996లో విట్‌కోంబు బృందము దానికి కారణమైన జన్యుదోషమును ఏడవ క్రోమోసోముపై పట్టుకొన్నది. అది ట్రిప్సిన్ అను జీర్ణరసమునకు సంబంధించిన జన్యువు. మరుసటి సంవత్సరము లోవెన్‌ఫెల్సు, ఆయన సహచరులు ఇట్టి వంశపారంపర్య వ్యాధి గల 246 మంది వివరములు సేకరించి చూడగా, డెబ్బది యేండ్లు వచ్చునప్పటికి నూటికి నలువదిమందికి క్లోమ కాన్సరు రాగలదని తేలెను. ఇంకొక వైపున, రక్తసంబంధీకులలో ఇద్దరు ముగ్గురికి ఈ కాన్సరు వచ్చిన కుటుంబములను జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమువారు 1994నుండి నమోదు చేయసాగిరి. స్తన కాన్సరునకు కారణమని తెలిసిన జన్యుదోషములే కొన్ని కుటుంబములలో క్లోమ కాన్సరునకును కారణమగుచున్నవని ఇట్టి పరిశీలనలవలననే తెలిసినది.

ఇట్టివారిని ఏటేట పరీక్షించినచో ఫలితమున్నదా? ఆ విశ్వవిద్యాలయమువారు ఇతర కేంద్రములతో కలసి దీర్ఘకాలము పరిశీలించి 2022లో ఫలితములు ప్రకటించిరి. వారి పరిశీలనలన్నిటిలోను కలిపి, క్రమము తప్పక పరీక్షలకు వచ్చుచుండగా కాన్సరు బయటపడినవారు 19 మంది. వారిలో సగముకన్న ఎక్కువమందిలో అది మొదటి దశలోనే దొరకినది. పరీక్షలు మానివేసిన తరువాత కాన్సరు వచ్చినవారు ఏడుగురు. వారిలో ఆరుగురికి అది అప్పటికే దూరపు అవయవములకు ప్రాకినది. సంఖ్యలు చిన్నవే. ముందుగా కనుగొన్నచో, మరణించు తేదీ మారకున్నను బ్రతికిన కాలము పొడవుగా కనబడునను ఆక్షేపణయు ఉండనే ఉన్నది. అయినను, ఆశయే లేదనుకొన్న వ్యాధిలో ఈ మాత్రము తేడా కనబడుట గొప్ప విషయమే.

ఇది పాశ్చాత్య దేశముల కథ. మన ప్రాంతమున ఎక్కువ భయమున్నవారెవరు? ఆ ప్రశ్నకు జవాబు వేరొక వ్యాధి చరిత్రలో ఉన్నది.

ఉష్ణదేశములలో, మద్యము ముట్టని చిన్నవారికి కూడ క్లోమములో రాళ్లు ఏర్పడు ఒక వ్యాధి కలదు. 1959లో ఇండోనేషియానుండి జూయిడెమా అను వైద్యుడు, పోషకాహారము లేని బీదలలో దీనిని వర్ణించెను. మన దేశములో దీనిని విస్తారముగా పరిశీలించినది కేరళకు చెందిన డాక్టరు గీవర్గీసు. 1968లో ఆయన ప్రకటించిన గ్రంథము ఈ వ్యాధికి ప్రమాణమాయెను. బాల్యములో కడుపునొప్పి, యౌవనములో మధుమేహము, నడివయస్సు రాకముందే మృత్యువు: ఇది ఆనాటి రోగి జీవితక్రమము. కేరళలో బీదలు తిను కర్రపెండలములోని విషపదార్థమే కారణమని కొంతకాలము అనుకొనిరి. కర్రపెండలము తినని ప్రాంతములలోను రోగులు కనబడుటచే ఆ వాదము బలహీనపడెను.

ఈ రోగులకు కాన్సరు భయమెంత? మద్రాసులో చారి, మోహన్, విశ్వనాథన్ మొదలగువారు లోవెన్‌ఫెల్సుతో కలసి 185 మంది రోగులను సగటున నాలుగున్నర సంవత్సరములు గమనించి, 1994లో ఫలితము ప్రకటించిరి. ఆ కాలములో 24 మంది మరణించిరి; వారిలో ఆరుగురిని బలిగొన్నది క్లోమ కాన్సరే. సామాన్య జనులతో పోల్చగా ఇది నూరు రెట్లు! ఈ నూరు రెట్లను జాగ్రత్తగా చదువవలెను. మన దేశములో ఈ కాన్సరు అరుదు గనుక, అంతమంది సామాన్యులలో అంతకాలమున ఒకటిలో పదునారవ వంతు కేసు కూడ ఎదురుచూడరాదు. ఆరింటిని ఆ చిన్న సంఖ్యచే భాగించుటచే నూరు వచ్చెను. ఆరుగురను సంఖ్యయు చిన్నదే. అయినను ఆ రోగులకు కాన్సరు వచ్చిన సగటు వయస్సు నలువదియైదునకు అటునిటు. పాశ్చాత్యులకు సాధారణముగా అరువది దాటిన పిమ్మట వచ్చు వ్యాధి ఇక్కడ పిల్లల పెండ్లిండ్లు కాని వయస్సులోనే వచ్చుచున్నది. గుండె కలుక్కుమనిపించు అంకె నూరు కాదు, నలువదియైదు.

తరువాతి అధ్యాయము హైదరాబాదులో జరిగినది. 1977లో స్థాపింపబడిన కణ, అణు జీవశాస్త్ర కేంద్రములో డాక్టరు గిరిరాజ్ చందక్, ఆనాటి సంచాలకుడు లాల్జీ సింగ్, ఏషియన్ జీర్ణకోశవ్యాధుల సంస్థను స్థాపించిన డాక్టరు డి. నాగేశ్వరరెడ్డి మొదలగువారు కలసి, ఈ రాళ్ల వ్యాధి గల మన రోగుల జన్యువులను పరీక్షించిరి. వారు మొదట వెదకినది సహజముగా విట్‌కోంబు కనుగొన్న దోషమునే. అది దొరకలేదు. దొరకినది వేరొకటి.

ఇచ్చట కొంత ఆగి క్లోమము చేయు పనిని తలచుకొనవలెను. మాంసకృత్తులను ముక్కలు చేయు ట్రిప్సిన్, క్లోమములో నిద్రాణరూపముననే తయారగును. ఆంత్రమూలమును చేరిన తరువాతనే అచ్చటి మరొక ఎంజైము దానిని మేల్కొల్పును. ఒరలోని కత్తి వంటి ఏర్పాటు ఇది. క్లోమము కూడ మాంసకృత్తులతో కట్టబడినదే గనుక, కత్తి ఇంటిలోనే ఒర వీడినచో ఇల్లే తెగును. వాపు వచ్చిన క్లోమము తన్ను తానే జీర్ణించుకొనునని కియారి అను శాస్త్రజ్ఞుడు 1896లోనే చెప్పియుండెను. అట్టి ప్రమాదము కలుగకుండ, పొరపాటున మేల్కొన్న ట్రిప్సిన్‌ను వెంటనే బంధించు కావలివాని వంటి చిన్న మాంసకృత్తు ఒకటి గ్రంథిలోనే ఉండును. దానిని తయారుచేయు జన్యువునకు స్పింక్-1 అని పేరు.

2002లో ప్రకటించిన పరిశోధనలో హైదరాబాదు బృందమువారు, దోషము కత్తిలో కాక కావలివానిలో ఉన్నదని చూపిరి. ఆ మాంసకృత్తులో 34వ స్థానమున ఆస్పరజీన్ ఉండవలసినచోట సెరీన్ ఉండు మార్పు, రాళ్ల వ్యాధి గలవారిలో ఎక్కువగా కనబడెను. 2004లో మరికొందరు రోగులను పరీక్షించినను ఫలితము అదియే. 2006లో కాథెప్సిన్-బి అను మరొక ఎంజైము జన్యువులోని మార్పులకును ఈ వ్యాధితో సంబంధమున్నదని వారే కనుగొనిరి. అది కణములోపలనే ట్రిప్సిన్‌ను మేల్కొల్పగలది. ఏ ఒక్క మార్పును తానుగా రోగమును తెచ్చునది కాదు. స్పింక్-1 మార్పు ఉండియు జీవితమంతయు కడుపునొప్పి ఎరుగనివారు కలరు. పెక్కు చిన్న దోషములు, ఆహారము, అలవాట్లు కలసివచ్చినప్పుడే గ్రంథి దెబ్బతినును. తినుతిండిలోనే కారణమంతయు ఉన్నదనుకొన్న వ్యాధికి రక్తములోను వేళ్లున్నవని తెలిసినది ఇక్కడనే.

వ్యాధి రూపమును మారుచున్నది. 1,086 మంది రోగులను దేశవ్యాప్తముగా పరిశీలించి 2008లో ప్రకటించిన నివేదికలో, గీవర్గీసు వర్ణించిన పాత లక్షణములన్నియు గల రోగులు నూటికి నలుగురు కూడ లేరు. కారణము తెలియని వాపుగా లెక్కింపబడినవారు నూటికి అరువదిమంది. తక్కినవారిలో ఎక్కువమంది మద్యపానమువలన వ్యాధి తెచ్చుకొన్నవారు. కరువు తగ్గి, చికిత్స పెరిగి, రోగులు ఎక్కువకాలము బ్రతుకుచున్నారు. సంతోషమే. కాని ఎక్కువకాలము బ్రతుకుటయనగా, దెబ్బతిన్న గ్రంథితో కాన్సరు వచ్చు వయస్సును చేరుటయు అగును.

అట్లయిన వీరిని ఏటేట పరీక్షించినచో సరిపోదా? అసలు చిక్కు ఇచ్చటనే ఉన్నది. క్లోమమును దగ్గరగా చూచుటకు నేడున్న సాధనములలో సూక్ష్మమైనది లోపలినుండి చేయు అతిధ్వని పరీక్ష. 1980లో అమెరికాలోను జర్మనీలోను మొదలైన ఈ పద్ధతిలో, సన్నని గొట్టము చివర అమర్చిన అతిధ్వని పరికరమును నోటిద్వారా జీర్ణకోశములోనికి పంపుదురు. పొట్టపైనుండి చూచునప్పుడు అడ్డువచ్చు కొవ్వు, ప్రేగులలోని గాలి ఇక్కడ ఉండవు. జీర్ణకోశపు గోడకు ఆవలనే క్లోమమున్నది. సెంటిమీటరుకన్న చిన్న గడ్డ కూడ తెలియును. కాని రాయి అతిధ్వనిని వెనుకకు కొట్టివేయును. రాయి వెనుక ఉన్న భాగము నీడలో పడును. రాళ్లు నిండి మచ్చలు కట్టిన గ్రంథిలో గడ్డ ఏదో మచ్చ ఏదో అనుభవజ్ఞులకు కూడ తబ్బిబ్బే. ఎవరిని ఎక్కువగా కనిపెట్టవలెనో వారి క్లోమమే చూపునకు ఎక్కువగా అడ్డుపడుచున్నది.

రక్తపరీక్షకును ఇదే గతి. వాపు ఉన్నప్పుడు కూడ సి.ఏ. 19-9 పెరుగవచ్చును. మధుమేహపు జాడయు అట్లే. పూర్వము మద్రాసులో లెక్కలు తీసిన చారియే తరువాత మేయో వైద్యశాలలో పనిచేయుచు, ఏబదియేండ్లు దాటినవారిలో క్రొత్తగా మధుమేహము కనబడినచో, మూడేండ్లలో వారిలో సుమారు నూటికొకరికి క్లోమ కాన్సరు బయటపడుచున్నదని 2005లో చూపెను. మంచి ఆనవాలే. కాని మన రాళ్ల రోగికి మధుమేహము ఇరువది ముప్పదియేండ్లకే వచ్చియుండును. నొప్పియు పాతదే.

2020లో వివిధ దేశముల నిపుణులు కూడి, విట్‌కోంబు కనుగొన్న దోషముండి వ్యాధి వచ్చినవారిని నలువదియేండ్లనుండి క్రమముగా పరీక్షించుట సమంజసమని నిర్ణయించిరి. ఇతర కారణములచేత క్లోమపు వాపు గలవారి విషయములో అట్టి సిఫారసు చేయుటకు ఆధారములు చాలవనిరి. శాస్త్రరీత్యా వారిని తప్పుపట్టరాదు. అయితే మన రోగులలో ఆ దోషము దొరకనే లేదుగదా! అనగా మన ప్రాంతపు రోగులలో పెక్కుమంది ఈ సిఫారసుకు వెలుపలనే ఉన్నారు. మద్రాసు పరిశీలనవంటి వాటిని మరింత పెద్దసంఖ్యలో, మరింత దీర్ఘకాలము చేసినగాని ఈ లోటు తీరదు. ఆ పని విదేశములలో జరుగదు, రోగులున్నచోటనే జరుగవలెను.

కాలము మాత్రము పూర్తిగా ప్రతికూలము కాదు. 2010లో జాన్స్ హాప్‌కిన్స్ శాస్త్రజ్ఞులు కాన్సరు కణములలోని జన్యుమార్పులను లెక్కించి, మొదటి మార్పునకును మొదటి కాన్సరు కణము ఏర్పడుటకును నడుమ పదేండ్లకు పైగాను, అది ఇతర అవయవములకు ప్రాకు శక్తి పొందుటకు మరి ఆరేడేండ్లును పట్టునని అంచనా కట్టిరి. రోగి చేతిలో ఉన్న ఉపాయము కూడ ఒకటి కలదు. వంశపారంపర్య క్లోమవ్యాధి గలవారిలో ధూమపానము చేయువారికి కాన్సరు సుమారు ఇరువదియేండ్లు ముందుగా వచ్చుచున్నదని 2001లో లోవెన్‌ఫెల్సు చూపెను. మన రాళ్ల రోగులలో ఇట్టి లెక్క వేరుగా తీయకున్నను, చుట్టలు బీడీలు విడిచిపెట్టుటకు అంతవరకు ఆగనక్కరలేదు.

వరంగల్లునుండి ఖమ్మము పోవు రహదారిమీది మరిపెడవంటి ఊరిలో ఇది ఎట్లు కనబడును? తరచు కడుపునొప్పితో బడి మానుచున్న పిల్లవాడు. గ్యాసు అనియో దిష్టి అనియో గడచిపోవు సంవత్సరములు. ఎప్పుడో వరంగల్లులో తీసిన ఎక్సురేలో వెన్నెముక ప్రక్కన ఇసుక చల్లినట్లు తెల్లని చుక్కలు. ఆ చుక్కలే క్లోమములోని రాళ్లు. ఇతడు నలువది దాటిన తరువాత వైద్యుడు చూడవలసినది లక్షణమును కాదు, లక్షణములోని మార్పును: విడచి విడచి వచ్చు నొప్పి ఎడతెగక నిలచుట, అదుపులో ఉన్న మధుమేహము కారణములేక పెచ్చుపెరుగుట, తిండి తగ్గకున్నను బరువు తగ్గుట, కండ్లు పచ్చబడుట. చిత్రములలోను అంతే. నేటి స్కానులో కనబడు నీడ క్రొత్తదో, పదేండ్లుగా ఉన్న మచ్చయో తెలియుటకు పాత ఫిలిముతో పోల్చిచూచుట మిక్కిలి ముఖ్యము. ఆ పాత ఫిలిము సాధారణముగా ఇంటిలో దూలముమీదనో, ట్రంకుపెట్టె అడుగుననో ఉండును. హైదరాబాదుకు బయలుదేరునాడు దానిని వెంట తీసికొనిపొమ్మని చెప్పువారుండరు.